గుంటూరు ఎండలో కీటక కణాలు: ఒక సరఫరా సేవపై సమీక్ష

ఏ కీటక కణంలో ఏ వైరస్ వృద్ధి చెందుతుందో విద్యార్థులకు పక్కపక్కనే చూపాలని, మా గుంటూరు కళాశాల ప్రయోగశాలకు మే నెలలో మూడు కణ శ్రేణులను (ప్రయోగశాలలో మళ్లీ మళ్లీ పెంచుకోగల కణాలను) తెప్పించాము. పార్శిల్ విజయవాడలో ఒక రోజు నిలిచిపోవడంతో, పెట్టె తెరిచేసరికి అడుగున గుప్పెడు డ్రై ఐస్ మాత్రమే మిగిలి ఉంది. పులిదోమ లార్వాల నుంచి తీసిన సీ6/36 కణాలు ట్రిపాన్ బ్లూ అనే రంగు వేయగానే దాదాపు అన్నీ నీలంగా మారాయి, అంటే అవి చనిపోయినట్లే. డెంగీ వైరస్‌ను పెంచడానికి పేరున్న ఆ కణాలను మేము, ఎక్కువగా గొంగళిపురుగులకు సోకే బాకులోవైరస్ పెరగని పోలికగా వాడదామనుకున్నాము. సంస్థవారు వాదించకుండా కొత్త వయల్ పంపారు గానీ, కణాలను ఎన్నిసార్లు మార్చి పెంచారో చెప్పే అంకె చీటీ మీద మళ్లీ లేదు.

కత్తెర పురుగు ప్యూపా అండాశయం నుంచి వచ్చిన ఎస్ఎఫ్9 కణాలు మాత్రం చక్కగా కోలుకున్నాయి. వీటికి కార్బన్ డయాక్సైడ్ అక్కర్లేదు, 28 డిగ్రీలు చాలు; అయితే మన ఎండల్లో ఆ 28 కోసం ఇంక్యుబేటర్ చల్లబరచగలిగినదై ఉండాలి. ఏసీఎంఎన్‌పీవీ అనే బాకులోవైరస్ ఎక్కించిన మూడో రోజుకు కేంద్రకాలు ఉబ్బి, వాటి నిండా పాలిహెడ్రా (వైరస్ కణాలను పొదువుకున్న ప్రోటీన్ స్ఫటికాలు) గాజు రవ్వల్లా మెరిశాయి. పట్టుపురుగు నుంచి వచ్చిన బీఎంఎన్ కణాల్లో అదే వైరస్ లోపలికి చొరబడినా పాలిహెడ్రా ఏర్పడలేదు. కణంలోకి ప్రవేశించడం వేరు, అందులో పునరుత్పత్తి కావడం వేరని ఆ రెండు ప్లేట్లే విద్యార్థులకు చెప్పాయి. కణాల నాణ్యతకు అయిదులో నాలుగు, రవాణాకు ఒకటి ఇస్తున్నాను. తెప్పించుకునేవారు డిసెంబరులో ఆర్డరు పెట్టుకోవడం మేలు.