అనంతపురంలో సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ కొనేవాళ్లు జాగ్రత్త: ఓఎస్ అప్‌గ్రేడ్ చేసి గ్రాఫిక్స్ కార్డు కాలిపోయిందంటున్నారు

జేఎన్‌టీయూలోనో ఎస్కేయూలోనో చదివే పిల్లలకు పాత కంప్యూటర్ కొనిచ్చే ఆలోచనలో ఉంటే, డబ్బు కట్టేముందు ఇది చదవండి.

మా చెల్లెలి కోసం టౌన్‌లో ఒక షాపులో డెస్క్‌టాప్ తీసుకున్నాం. అందులో ఓఎస్ (మిషన్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్) ఉబుంటు 22.04, తెరమీద బొమ్మ చూపించేది ఎన్విడియా జీటీ 610 గ్రాఫిక్స్ కార్డు. బాగానే నడిచేది. దుమ్ము దులపమని సర్వీసుకిస్తే, మమ్మల్ని అడగకుండానే ఉబుంటు కొత్త వెర్షన్ 24.04కి అప్‌గ్రేడ్ చేసి పంపారు. ఇంటికొచ్చాక పాస్‌వర్డ్ కొడితే స్క్రీన్ క్షణం నల్లబడి మళ్లీ లాగిన్ దగ్గరికే వచ్చేది. షాపుకు ఫోన్ చేస్తే, మిషన్ చూడకుండానే "కార్డు కాలిపోయిందన్నా, కొత్తది వేయాల, డిస్కు ఫార్మాట్ కొట్టాల" అన్నారు. అందులో చెల్లెలి ప్రాజెక్టు మొత్తం ఉంది. ఆ పిల్ల పడిన టెన్షన్ గుర్తొస్తే నాకు ఇప్పటికీ కోపం ఆగదు.

కార్డుకు ఏమీ కాలేదు. ఈ పాత కార్డుకు ఎన్విడియా ఇచ్చిన చివరి డ్రైవర్ (కార్డును ఓఎస్‌తో కలిపి పనిచేయించే సాఫ్ట్‌వేర్) 390 సిరీస్. దానికి కంపెనీ సపోర్టు 2022తోనే ఆగిపోయింది. 24.04తో వచ్చే 6.8 కెర్నల్‌కు, అంటే ఓఎస్ గుండెకాయకు, అది పొసగదు. లాగిన్ తెరమీద కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే ఆదేశాలు టైపు చేసే నల్ల తెర, అంటే టెర్మినల్, వచ్చింది. అందులో లాగిన్ అయి ఆ డ్రైవర్ తీసేసి రీస్టార్ట్ చేస్తే, ఉబుంటులోనే ఉండే నూవో డ్రైవర్‌తో డెస్క్‌టాప్ లేచింది. ఫైళ్లన్నీ భద్రం.

మీకూ ఇలా జరిగితే ముందు ఉబుంటు ఎక్కించిన పెన్‌డ్రైవ్ పెట్టి, దాన్నుంచే మిషన్ ఆన్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై ఉబుంటు నొక్కి కాసేపు నడపండి. అక్కడ బొమ్మ బాగా వస్తే, కార్డు పోయిందన్న మాట నమ్మకండి. ముఖ్యమైన ఫైళ్లు అక్కడినుంచే వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు. ఫార్మాట్ మాట ఆ తర్వాతే. డిస్కు నిండిపోయినా లాగిన్ ఇలాగే తిరిగి తిరిగి వస్తుంది, అదీ చూడండి. లాగిన్‌లో పేరు నొక్కాక కింద మూలన కనిపించే చక్రం గుర్తులో ఎక్సార్గ్ (తెరమీద బొమ్మ చూపించే పాత పద్ధతి) సెషన్ ఎంచుకుంటే కొన్ని మిషన్లలో సరిపోతుంది. ఉబుంటు డెస్క్‌టాప్ తెర గ్నోమ్ అనే సాఫ్ట్‌వేర్‌దే. దానికి పాత ఎక్స్‌టెన్షన్లు (అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) ఉన్నా అనుమానించండి. గ్నోమ్ 45లో వాటిని రాసే పద్ధతే మారింది, 24.04లో ఉన్నది గ్నోమ్ 46. కొత్త యూజర్‌ను సృష్టించి చూస్తే, తప్పు మీ సెట్టింగుల్లో ఉందా సిస్టమ్‌లో ఉందా తేలిపోతుంది.

ఇంతకన్నా ముఖ్యమైంది, మిషన్ సర్వీసుకిచ్చేటప్పుడు "నన్ను అడగకుండా ఓఎస్ మార్చకూడదు, ఫార్మాట్ చేయకూడదు" అని రసీదు మీదే రాయించండి. కొనేటప్పుడు బిల్లులో గ్రాఫిక్స్ కార్డు మోడల్ రాయించుకోండి. "ఎన్విడియా 2 జీబీ" అని రాసి వదిలేస్తే ఒప్పుకోకండి, డ్రైవర్ దొరుకుతుందో లేదో తెలిసేది మోడల్ నంబరుతోనే. బాగానే ఉన్న కార్డును కాలిపోయిందని చెప్పి డబ్బు లాగాలని చూస్తే ఊరుకోవద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కొనుగోళ్ల మీద ఫిర్యాదుకు ఫీజు కూడా లేదు. బిల్లు, వాళ్లు పంపిన మెసేజులు మాత్రం దాచిపెట్టుకోండి.