రెండొందల పసుపు మీటరు: పాత ఫ్యాన్లు కొని బాగుచేసి అమ్మేవాళ్ళకి ఇది చాలా?

ఇది వోల్టులూ ఓములూ కొలిచే డిజిటల్ మల్టీమీటరు, ఏ కంపెనీది అని మాత్రం అడక్కండి. ముందు వైపు డీటీ830డీ అని ఉంటుంది, పసుపు రంగు, అరచేతిలో పట్టేంత సైజు, మధ్యలో నల్లటి గుండ్రటి స్విచ్చి. ఒకే బొమ్మని పదిమంది పది పేర్లతో అమ్ముతున్నారు, డబ్బా మీద తయారుచేసినవాడి పేరు కూడా సరిగ్గా ఉండదు. పాలకొల్లులో ఏ ఎలక్ట్రికల్ కొట్టుకెళ్ళినా దొరుకుతుంది, ఆన్‌లైన్లో అయితే నూటయాభై నుంచి మూడొందల దాకా రకరకాల రేట్లు. నేను రెండొందలకి తీసుకున్నాను. ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లల కోసం రాసిన రివ్యూలు బోలెడున్నాయి కాబట్టి ఇది వాళ్ళకి కాదు. ఉద్యోగం లేక ఇంట్లో కూర్చుని, పాత ఫ్యాన్లూ మిక్సీలూ కొని బాగుచేసి అమ్ముకుందామా అని ఆలోచిస్తున్నవాళ్ళకి.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. రొయ్యల మేత అమ్మే ఒక డీలర్ దగ్గర పనిచేసేవాణ్ణి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచాక ఇటువైపు చెరువుల రైతులు మేత కొనడం తగ్గించారు, డీలర్ మనుషుల్ని తగ్గించాడు, ఆ తగ్గినవాళ్ళలో నేనూ ఉన్నాను. చేతిలో డబ్బు తక్కువ, టైము మాత్రం కావలసినంత. మా వైపు వైండింగ్ షాపుల వాళ్ళకి చెరువుల్లో తిరిగే ఏరేటర్ మోటార్లతోనే సరిపోతుంది, టేబుల్ ఫ్యాను పట్టుకెళ్తే "అక్కడ పెట్టెళ్ళండి, చూద్దాం" అంటారు, ఆ చూడటం పండగ దాటినా అవదు. దాంతో జనం విసుగొచ్చి పాత ఇనప సామాన్ల వాడికి వేసేస్తారు. చిన్న రిపేరుతో తిరిగే వస్తువులు కాటా రేటుకి పోతున్నాయన్నమాట. నేను పట్టుకున్న వ్యాపారం అక్కడుంది.

ఇప్పుడు మీటరు సంగతి. ఇది కొనేటప్పుడు పనికొస్తుంది, అమ్మేటప్పుడు సరిపోదు. మిగతాదంతా ఆ రెండింటి గురించే.

ఇనప కొట్టులో మీకు కరెంటు పెట్టి చూసుకునే అవకాశం ఉండదు. ఉన్నా పెట్టకూడదు, లోపల ఏముందో తెలియని వస్తువది. అక్కడ తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడిచే ఈ మీటరే మీ కళ్ళు. సీలింగ్ ఫ్యాను తీసుకోండి. కండెన్సర్ ఊడదీస్తే వైండింగ్ నుంచి వచ్చే మూడు వైర్లు మిగులుతాయి. స్విచ్చి 2000 ఓముల దగ్గర పెట్టి రెండేసి వైర్ల మధ్య కొలవండి, మూడు అంకెలు వస్తాయి. అందులో పెద్దది మిగతా రెండింటి మొత్తానికి దగ్గరగా ఉంటే వైండింగ్ తెగలేదు. ఏదైనా జత దగ్గర ఎడమవైపు ఒట్టి 1 చూపించి ఊరుకుంటే ఎక్కడో తెగింది, ఆ ఫ్యాను రాగి రేటుకే విలువైనది, పక్కన పెట్టేయండి. మూడు అంకెలూ కుదిరి, రెక్కల గుండ్రం చేత్తో తిప్పితే గరగర లేకుండా తిరిగితే ఇక బేరం మొదలెట్టొచ్చు. గరగరలాడినా భయం లేదు, బేరింగులే అయ్యుంటాయి, ఎక్కువ ఫ్యాన్లలో 6201, 6202 నంబర్లే ఉంటాయి, ఊళ్ళోనే దొరుకుతాయి. మొదటిసారి నేను మీటరు తీసినప్పుడు కొట్టాయన "ఏంటబ్బాయ్, పాత ఇనుముకి కూడా టెస్టులా?" అని నవ్వాడు. ఇప్పుడు నాకోసం ఫ్యాన్లు విడిగా తీసి పెడుతున్నాడు, రేటు కూడా కాస్త పెంచాడు, అది వేరే సంగతి.

ఇస్త్రీ పెట్టెలకీ రైస్ కుక్కర్లకీ ఈ మీటరు ఇంకా బాగా పనిచేస్తుంది. చిన్న లెక్క గుర్తుపెట్టుకోండి. 230ని 230తో గుణించి, వస్తువు మీద రాసిన వాట్లతో భాగిస్తే రావలసిన ఓములు తెలుస్తాయి. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె అయితే 53 దగ్గర, 750 వాట్లదైతే 70 దగ్గర, 700 వాట్ల కుక్కరైతే 75 దగ్గర. ప్లగ్గు పిన్నుల మధ్య ఆ అంకె వస్తే ఎలిమెంటు బాగున్నట్టే. అసలు రీడింగే రాకపోతే ఎలిమెంటు పోయిందని వెంటనే అనుకోకండి, చాలాసార్లు వైరు మెడ దగ్గర తెగి ఉంటుంది, లేదా వేడి మితిమీరితే తెగిపోయే థర్మల్ ఫ్యూజు పోయి ఉంటుంది. ఆ ఫ్యూజు కొత్తది వేసేటప్పుడు దాని మీద ఉన్న డిగ్రీలదే వేయండి. తీగ ముక్కతో కలిపేసి అమ్మేవాళ్ళు ఉన్నారు, వాళ్ళు అమ్మేది ఇల్లు తగలబెట్టే సామాను. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్నుకీ ఇస్త్రీ పెట్టె లోహపు భాగానికీ మధ్య సున్నాకి దగ్గరగా చూపించాలి. పాత పెట్టెల్లో ఆ ఎర్త్ వైరు కత్తిరించేసి ఉండటం మామూలే.

మిక్సీ దగ్గర కొంచెం ఓపిక కావాలి. మీటరు పెట్టకముందే బోర్లించి కింద ఉన్న ఎర్ర బటన్ నొక్కండి. కోనసీమ వైపు ఇళ్ళలో మిక్సీకి సగం పని కొబ్బరితోనే, ముక్కలు పెద్దవి వేసి తిప్పితే ఓవర్‌లోడ్ స్విచ్చి పడిపోతుంది, అది తెలియక మోటారు పోయిందనుకుని పక్కన పడేసిన మిక్సీలు నాకు బాగానే దొరికాయి. బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేకపోతే నాబ్ ఒకటి మీద పెట్టి పిన్నుల మధ్య కొలుస్తూ పైన కప్లర్‌ని చేత్తో చాలా నిదానంగా తిప్పాలి. అంకె కాస్త అటూ ఇటూ కదలడం సహజం. ఎక్కడా ఏమీ రాకపోతే ముందు మోటారుకి కరెంటు అందించే కార్బన్లు చూడండి, అరిగి పొట్టివైపోయి ఉంటాయి, కొత్తవి కొద్ది డబ్బులకే వస్తాయి. కొన్నిచోట్ల వచ్చి కొన్నిచోట్ల పోతుంటే ఆర్మేచర్ మీద, అంటే మోటారు లోపల తిరిగే భాగం మీద అనుమానం పెట్టుకోవాలి, దానికి ఖర్చు చేస్తే లాభం మిగలదు. ఈ మీటరు సెకనుకి రెండు మూడుసార్లే చదువుతుంది, గబగబా తిప్పితే మీకు ఏమీ అర్థం కాదు.

ఇక చేతకానివి. కండెన్సర్ కొలవడం దీనికి రాదు. ఫ్యాను నీరసంగా తిరిగినా, మూలుగుతూ ఉండి చేత్తో నెడితే తిరిగినా నూటికి తొంభై కండెన్సరే, కానీ 2.5 మైక్రోఫారడ్ ఉండాల్సింది 1.8 కి పడిపోయిందని ఇది చెప్పలేదు. స్విచ్చి 2000K (కిలో ఓములు) దగ్గర పెడితే అంకె పెరుగుతూ పోయి 1 కి చేరుతుంది, దాన్నిబట్టి పూర్తిగా చావలేదని మాత్రమే తెలుస్తుంది. నేనైతే కొలిచే బాధ లేకుండా ప్రతి ఫ్యానుకీ కొత్త కండెన్సర్ వేసేస్తాను. పాతదాన్ని ముట్టుకునే ముందు దాని రెండు వైర్లూ కలిపి ఛార్జి దించేయడం మర్చిపోకండి.

ప్లగ్గులో పెట్టిన వస్తువు ఎన్ని ఆంపియర్ల ఏసీ కరెంటు లాగుతోందో కూడా ఇది కొలవలేదు. అక్కడే ఒక ప్రమాదం ఉంది. మూడు రంధ్రాల్లో ఒకదాని పక్కన 10ఏ అని, కింద అన్‌ఫ్యూజ్డ్ అని చిన్న అక్షరాలతో ఉంటుంది. ఎర్ర వైరు ఆ రంధ్రంలో ఉండగా ప్రోబులు (మీటరు వైర్ల చివర ఉండే ముళ్ళు) తీసుకెళ్ళి గోడ ప్లగ్గులో పెట్టారంటే నేరుగా తీగ పెట్టి షార్టు చేసినట్టే, మధ్యలో ఫ్యూజు కూడా లేదు. మనకి ఈ పనిలో ఆ రంధ్రంతో అవసరమే రాదు. కొన్న రోజే దాని మీద ఇన్సులేషన్ టేపు వేసేయండి. వోల్టేజీ చూడాలంటే ఏసీ 750 మీద పెట్టి చూడటమే. అది పనికొస్తుంది. ఎండాకాలం సాయంత్రాలు మా ఊళ్ళో 190 కూడా చూశాను, అలాంటప్పుడు "నువ్విచ్చిన ఫ్యాను తిరగట్లేదు" అని ఫోను వస్తే వాళ్ళింటికి వెళ్ళి ప్లగ్గులో అంకె చూపిస్తే గొడవ అక్కడితో ఆగుతుంది.

మీటరు వెనక ఏవో భద్రత రేటింగులు అచ్చేసి ఉంటాయి, నేనైతే వాటిని నమ్మను. కూడా వచ్చే వైర్లు మరీ పల్చన, వంగేచోట తొందరగా చీలతాయి. వేరే మంచి వైర్ల జత కొనుక్కోవడం నయం. నరసాపురం వైపు గాలిలో ఉప్పు ఎక్కువ కదా, కొంతకాలానికి లోపల స్విచ్చి కాంటాక్టులకి మకిలి పట్టి అంకెలు గంతులేస్తాయి. విప్పి స్పిరిట్‌తో తుడిస్తే మళ్ళీ దారికొస్తుంది.

అసలు లోటు మాత్రం లీకేజీ దగ్గర. గోదారి జిల్లాల్లో మీకు వచ్చే సామాను సగం తడిసినదే, ఇంట్లోకి నీళ్ళొచ్చినప్పుడు మునిగినవి, వానకి అరుగు మీద పడున్నవి. తడి వైండింగ్ నుంచి బాడీకి కరెంటు వస్తోందా లేదా అన్నది ఈ మీటరు తేల్చలేదు. కరెంటు వచ్చే చిన్న పిన్నుకీ బాడీకీ మధ్య 2000K మీద ఏదైనా అంకె వస్తే ఆ వస్తువు ఉన్నదున్నట్టు అమ్మడానికి పనికిరాదని గట్టిగా చెప్పొచ్చు. కానీ 1 చూపించిందని బాగుందనుకోకూడదు. ఇది పంపేది చాలా తక్కువ వోల్టేజీ, ఇంట్లో వచ్చేది 230. ఆ పరీక్షకి మెగ్గర్ కావాలి, అది 500 వోల్టులు పెట్టి చూస్తుంది. కొత్తది కొనే స్తోమత నాకింకా లేదు. చెరువు మోటార్ల కోసం వైండింగ్ షాపుల్లో అది ఉంటుంది కాబట్టి, వస్తువులు పోగయ్యాక ఒకేసారి తీసుకెళ్ళి చూపించుకుంటాను, టీ డబ్బులు ఇస్తాను. రెండు మెగాఓముల కంటే తక్కువొస్తే ఎండలో బాగా ఆరబెట్టి మళ్ళీ చూస్తాను, అప్పటికీ రాకపోతే తిరిగి ఇనప కొట్టుకే. కొనడానికొచ్చే ఆడవాళ్ళు మొదట అడిగేది కూడా "బాబూ, షాకు కొట్టదు కదా?" అనే. దానికి పసుపు మీటరు చూసి అవునండీ అనేయడం తప్పు.

మెగ్గర్‌తో పాటు ఇంట్లో సీరీస్ బోర్డు ఒకటి చేసుకోవాలి. వస్తువుకి వెళ్ళే ఫేజ్ వైరులో 100 వాట్ల పాత రకం ఫిలమెంట్ బల్బు అడ్డం పెట్టడమే. లోపల షార్టు ఉంటే బల్బు పూర్తి వెలుగుతో వెలుగుతుంది, ఇంటి ఫ్యూజు ఎగరదు. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. ఆ ఫిలమెంట్ బల్బు వెతకడమే పెద్ద పనైపోయింది ఈ రోజుల్లో! అది ఉన్న లైనుకి, కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే మీ ప్రాణానికి మంచిది. ఈ వ్యాపారంలో పెట్టే డబ్బులో ముందు పెట్టాల్సింది అక్కడే, మీటరు మీద కాదు.

డబ్బుల లెక్క అడుగుతారు కాబట్టి చెప్తున్నా. సీలింగ్ ఫ్యాను రెండొందల దగ్గర పడుతుంది, కండెన్సర్, బేరింగులు, కాస్త రంగు కలిపి ఇంకో రెండొందలు, అమ్మేది ఆరేడొందలకి. నెలరోజుల గ్యారంటీ నోటిమాటగా ఇస్తాను. కొనేది ఎక్కువగా భీమవరంలో రూములు తీసుకున్న కాలేజీ కుర్రాళ్ళు, చెరువుల దగ్గర కాపలా షెడ్లవాళ్ళు. షెడ్లవాళ్ళు టేబుల్ ఫ్యాన్లే అడుగుతారు, అవి బుష్‌లో నూనె ఎండిపోయి బిగుసుకున్నవే ఎక్కువ, రెండు చుక్కలతో లేస్తాయి, లాభం వాటిమీదే బాగుంటుంది. పగలూ రాత్రీ తిరిగే ఫ్యాను కావాలని వచ్చే ఇంటివాళ్ళకి మాత్రం నేను అమ్మను. పాత ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ అయితే 30 దగ్గర. రోజుకి పదిహేను గంటలేస్తే నెలకి 20 యూనిట్లు తేడా. కొత్తది కొనుక్కోండని నేనే చెప్తాను. సీలింగ్ ఫ్యాన్ల మీద కరెంటు పొదుపు చెప్పే స్టార్ గుర్తు తప్పనిసరైంది 2023 జనవరి 1 నుంచి కాబట్టి నా దగ్గర ఉన్న పాతవాటి మీద అది కనపడకపోతే ఆశ్చర్యపోవద్దు.

మీటరుకి ఐదుకి మూడున్నర ఇస్తాను. ఆ ఒకటిన్నర కోత వైర్లకీ 10ఏ రంధ్రానికీ. చేతిలో వెయ్యి, పదిహేనొందలు ఉంటే మాత్రం దీన్ని వదిలేసి కండెన్సర్ కొలవగలిగే క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టుకునే దవడలున్నది) తీసుకోండి, ఆంపియర్లు కూడా చూపిస్తుంది. లేదూ, దీంతోనే మొదలెడతానంటే కొట్లోనే రెండు ప్రోబులూ కలిపి 200 ఓముల మీద చూడండి, ఒక ఓము లోపు రావాలి, మూడు నాలుగు చూపిస్తే ఇంకోటి అడగండి. కొన్నిటికి బజర్ మోగుతుంది, కొన్నిటికి ఉండదు, మోగేదే ఏరుకోండి, చీకటి కొట్లో వైరు తెగిందో లేదో చూసేటప్పుడు కళ్ళు వస్తువు మీద ఉంచుకోవచ్చు. లోపల వచ్చే బ్యాటరీ నాసిరకం, అది నీరసించిందంటే అంకెలు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి, 230 రావాల్సిన ఇంట్లో 260 కనిపిస్తే కరెంటోళ్ళకి ఫోను చేసేముందు బ్యాటరీ మార్చండి.