కూరగాయలు కోసే చెక్కకు ఏ నూనె? నాలుగేండ్లు వాడి చూశాక

పాలమూరులో మా వంటింట్లో రెండు చెక్కలున్నాయి. కూరగాయలకు వేప పలక, మటన్‌కు చింత మొద్దు నుంచి అడ్డంగా కోయించిన గుండ్రటి ముక్క. నాలుగేండ్లలో వాటికి మూడు రకాల పూతలు పూసి చూశాను. ఇప్పుడు వాడుతున్నది మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ అనే నూనె, అందులో కరిగించిన తేనె మైనం. ఇక దీన్ని మార్చను.

మొదట రాసింది పల్లి నూనె. మా దిక్కు పల్లి నూనె లేని ఇల్లుండదు, అత్తమ్మ కూడా అదే రాయమన్నది. పది రోజులు పలక నిగనిగలాడింది. రెండో నెలకు వేలు పెడితే అంటుకునేది, కోసిన కీరదోసకు పాత నూనె వాసన పట్టేది. పల్లి నూనె గాలికి ఆరి గట్టిపడేది కాదు, చెక్కలోనే ఉండి చెడిపోతుంది. ఆ జిడ్డు వదిలించడానికి పలకంతా ఎమరీ పేపర్‌తో రుద్దాల్సి వచ్చింది.

తర్వాత ఒక హార్డ్‌వేర్ షాపులో 'అవిసె నూనే కదా, తినేదే' అని డబ్బా ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే బాయిల్డ్ లిన్సీడ్ (లిన్సీడ్ అంటే అవిసెనే). తొందరగా ఆరాలని అందులో కోబాల్ట్, మాంగనీస్ లాంటి లోహాల డ్రయర్లు కలుపుతారు. తలుపులకు సరే, పిల్లలకు టమాటలు కోసే పలకకు నాకు మనసొప్పలేదు. వడ్రంగి వార్నిష్ కొడతానన్నాడు, అదీ వద్దన్నాను. కత్తి గాట్లు పడ్డ చోట వార్నిష్ పొర లేచి కూరలోకి వస్తుంది.

గానుగ అవిసె నూనె మాత్రం మంచిదే. ఆక్సిజన్‌తో కలిసి చెక్కలోనే గట్టిపడుతుంది. చింత మొద్దుకు మూడు పూతలు వేశాను, ఒక్కోటి ఆరేసరికి వారం దాటింది. నెల రోజులు మొద్దు పక్కన పెట్టుకోవడం మా ఇంట్లో కుదిరే పని కాదు. ఇంకో సంగతి. ఏప్రిల్ మధ్యాహ్నం నూనె తుడిచిన పాత బనియన్‌ను ఉండ చుట్టి బకెట్‌లో పడేశాను. గంట తర్వాత తీస్తే ఉండ లోపల చేతికి వేడిగా తగిలింది. ఈ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, అది బయటికి పోయే దారి లేకపోతే గుడ్డకు దానంతటదే నిప్పంటుకోవచ్చు. దయచేసి అలాంటి గుడ్డను నీళ్లలో ముంచండి, లేదంటే తీగ మీద విప్పి ఆరేయండి.

లిక్విడ్ పారాఫిన్ కొనేటప్పుడు సీసా మీద 'ఐపీ' (ఇండియన్ ఫార్మకోపియా, అంటే మందుల నాణ్యత ప్రమాణం) అని ఉందో లేదో చూడండి. పాలలా తెల్లగా ఉండే విరేచనాల మందులోనూ పారాఫిన్ ఉంటుంది, అది పనికిరాదు. సెంటు కలిపిన బేబీ ఆయిల్ కూడా వద్దు. నేను 100 గ్రాముల నూనెకు 25 గ్రాముల మైనం తీసుకుని, గిన్నెను వేడినీళ్లలో పెట్టి కరిగిస్తాను. చల్లారితే వెన్నలా అవుతుంది.

పూసే ముందు పలకను తడిపి ఆరనివ్వాలి. నూగు లేస్తుంది, దాన్ని సన్న ఎమరీతో తీసేయాలి. మొదటి వారం ఉత్త నూనె మూడుసార్లు పట్టించి, ఆపైన మైనం రుద్దాను. అడ్డకోత మొద్దు నూనెను ఎంత పోస్తే అంత తాగింది. రెండు వైపులా పూయాలి. ఒకసారి పై వైపే పూస్తే వానాకాలంలో వేప పలక వంగి, కోసేటప్పుడు టకటక ఊగింది.

ఈ పూతకు ఓపిక కావాలి. ఇది గట్టిపడదు, కడుగుతుంటే పోతూనే ఉంటుంది. నెలకోసారి పూస్తాను, మా ఎండాకాలంలో పదిహేను రోజులకే. నీటి చుక్క వేసి చూస్తాను. ముత్యంలా నిలిస్తే ఇంకా పూత ఉన్నట్టు, ఇంకి నల్లబడితే టైమైనట్టు. ఉల్లిగడ్డ వాసన ఇప్పటికీ పడుతుంది, నిమ్మచెక్కతో ఉప్పు వేసి రుద్దితే పోతుంది. పచ్చి పసుపు మరక మాత్రం పోలేదు. పాత నూనె వాసన మళ్లీ ఒక్కసారీ రాలేదు, నాకు ముఖ్యం అదే.

నిరుడు మే నెలలో ఇంటికొచ్చిన చుట్టాలు సాయం చేద్దామని మొద్దును కడిగి డాబా మీద ఎండలో పెట్టారు. సాయంత్రానికి బెత్తెడు పగులు వచ్చింది. మైనం కరిగించి నింపాను గానీ సన్నటి మటన్ ముక్కలు ఇంకా ఇరుక్కుంటున్నాయి. ఇప్పుడు రెండో వైపు తిప్పి వాడుతున్నాం.