విజయనగర్‌లో తెలుగు మీడియం పాలిటీ క్లాస్, వీకెండ్ బ్యాచ్ రివ్యూ

బెంగళూరులో జాబ్ చేసుకుంటూ గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న మనవాళ్ళ కోసం రాస్తున్నా. అత్తిగుప్పె మెట్రో దగ్గర ఒక సార్ శని, ఆదివారాలు తెలుగులో పాలిటీ (అంటే రాజ్యాంగం, ప్రభుత్వ వ్యవస్థ) చెప్తారు, పార్లమెంటు, కేంద్ర ప్రభుత్వం చాప్టర్ల వరకైతే కళ్ళు మూసుకుని జాయిన్ అయిపోవచ్చు.

ఆర్టికల్ నంబర్లు ముందే బట్టీ పట్టించరు. బోర్డు మీద రెండు గళ్ళు గీసి లోక్‌సభ 543, రాజ్యసభ 245 అని రాస్తారు, కింద మంత్రివర్గం అని ఇంకో గడి గీసి దానికి లోక్‌సభ నుంచి మాత్రమే ఎర్ర మార్కర్‌తో గీత కలుపుతారు. మంత్రులు ఏ సభ నుంచైనా రావచ్చు గానీ పదవిలో ఉండాలంటే మెజారిటీ ఉండాల్సింది లోక్‌సభలోనే, ఆ ఒక్క గీత అర్థమైతే సగం చాప్టర్ వచ్చేసినట్టే.

ఎగ్జాంపుల్స్ అన్నీ మనవాళ్ళవే చెప్తారు, అదే నాకు బాగా నచ్చింది. 1991 జూన్‌లో పీవీ గారు ప్రధాని అయ్యేసరికి ఏ సభలోనూ మెంబర్ కాదు, ఆరు నెలల్లోపు ఎన్నిక కావాలి కాబట్టి నవంబర్‌లో నంద్యాల బైఎలక్షన్‌లో గెలిచారు. 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి గవర్నమెంట్ 269-270తో ఒక్క ఓటుకి పడిపోయినప్పుడు స్పీకర్ మన అమలాపురం బాలయోగి గారే, మరి ఆయన ఓటు ఎందుకు వెయ్యలేదని సార్ క్లాసులో అడిగారు, ఎవరూ నోరెత్తలేదు. రెండు వైపులా సమానంగా వస్తేనే స్పీకర్‌కి ఓటు ఉంటుందట, ఇక ఆ రూల్ జన్మలో మర్చిపోం.

రాష్ట్రపతి కేబినెట్ సలహాని ఒక్కసారే వెనక్కి పంపగలరని, మళ్ళీ అదే పంపితే ఒప్పుకోవాల్సిందేనని, మంత్రుల సంఖ్య ప్రధానితో కలిపి లోక్‌సభలో 15 శాతం అంటే 81 దాటకూడదని, మనీ బిల్లుని (పన్నులు, ప్రభుత్వ ఖర్చుల బిల్లు) రాజ్యసభ 14 రోజులకి మించి ఆపలేదని, ఇవన్నీ ఆ బోర్డు మీదే చూపిస్తారు.

లోటు ఏంటంటే స్టాండింగ్ కమిటీలు హడావుడిగా లాగించేశారు. 24 కమిటీలు, ఒక్కోదాంట్లో 31 మంది, ఇంతే నోట్స్. బిల్లుల్ని లైన్ లైన్‌గా చదివేది అక్కడే కదా సార్, దానికి ఇంకో క్లాస్ పెట్టండి ప్లీజ్.

రూమ్ ఇరుకు, వెనక బెంచీల్లో వాళ్ళకి బోర్డు సరిగ్గా కనపడదు, కాస్త ముందే వెళ్ళండి. ఫీజు రెండు విడతల్లో కట్టొచ్చు, డెమో క్లాస్ ఫ్రీ.