బండారులంక 100 కౌంటు నూలు చీర: కొనేముందు చూడాల్సినవి

కోనసీమ ఉక్కపోతకి అమలాపురం పక్కనున్న బండారులంక నూలు చీర చాలా హాయి. 100 కౌంటు సింగిల్ పోగుతో నేసిన సాదా చీర, రవిక గుడ్డతో కలిపి 6.3 మీటర్లు, గంజి దిగాక పావుకిలో నుంచి 300 గ్రాముల లోపే తూగుతుంది. చెమట పట్టినా ఒంటికి అతుక్కోదు. తీగ మీద వేస్తే ఇట్టే ఆరిపోతుంది. కట్టుబడికి వంక పెట్టడానికి లేదు, జాగ్రత్తంతా కొనేటప్పుడే.

పౌను నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని ఉంటే అంత కౌంటు, కౌంటు పెరిగేకొద్దీ పోగు సన్నం. 100 కౌంటులో కిలో నూలు సాగదీస్తే దాదాపు 169 కిలోమీటర్లు వస్తుంది. చీటీ మీద 2/100 అని ఉంటే రెండు పోగులు కలిపి పేనిందని అర్థం, మందం 50 కౌంటుతో సమానం. గట్టి గుడ్డే కానీ ఈ తేలికదనం రాదు.

తేలికదనం పోగు సన్నగా ఉండటం వల్ల రావాలి. పేక (అడ్డపోగులు) తగ్గించి, ఆ లోటుని గంజితో కప్పేసిన చీరలూ అమ్ముతున్నారు. కొట్లో ఫెళఫెళలాడతాయి, రెండు ఉతుకులకే వలలా తయారవుతాయి. గుడ్డ మీద రెండు బొటనవేళ్లూ పక్కపక్కన ఆనించి చెరోవైపుకి లాగండి. పోగులు జరిగి సందు పడి, చేత్తో సర్దినా మూసుకోకపోతే ఆ చీర వద్దు. మడత నలిపినప్పుడు తెల్లటి పొడి రాలినా వద్దు.

అంచు సంగతి మరీ ముఖ్యం. తొలి ఉతుక్కి నూలు కుంచించుకుంటుంది, పాలిస్టర్ జరీ కుంచించుకోదు. దాంతో అంచు అలలు అలలుగా లేస్తుంది, ఎంత ఇస్త్రీ చేసినా లొంగదు. ఇంత పల్చటి చీరకి రెండంగుళాల లోపు నూలు అంచే నప్పుతుంది.

మొదటిసారి చన్నీళ్లలో విడిగా జాడించండి. గంజికి అన్నం వార్చిన నీళ్లు ఒక గ్లాసు, మామూలు నీళ్లు మూడు లీటర్లు చాలు. పల్చటి గుడ్డలో వడకట్టాలి, లేకపోతే మెతుకు తునకలు ఎండి మచ్చలు పడతాయి. అంచులు సమంగా లాగి నీడన ఆరేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేయండి. వానాకాలంలో గంజి చీరని బీరువాలో దాచొద్దు. బూజు పడుతుంది, పురుగూ కొరుకుతుంది. గంజి పోయేలా ఉతికి దాచి, రెండు మూడు నెలలకోసారి మడత మార్చాలి. ఎప్పుడూ ఒకే మడత ఉంటే సరిగ్గా అక్కడే చిరుగుతుంది.

ఇదే నూలు తెల్ల పంచె పాతబడితే పారేయకండి. ఆత్రేయపురంలో పూతరేకులు తీసేది ఇలాంటి పల్చటి గుడ్డతోనే: బియ్యప్పిండి జారులో ముంచి, కాలుతున్న బోర్లించిన కుండ మీద ఒక్క ఊపున పరిచి తీసేస్తారు. గంజి ఉన్న కొత్త గుడ్డకి జారు సమంగా పట్టదు, ఎన్నో ఉతుకులు తిన్నదైతేనే రేకు చిల్లులు పడకుండా వస్తుంది. రంగు చీర ముక్క మాత్రం తిండికి వాడొద్దు. గుమ్మడి వడియాలకీ ఆ తెల్ల పంచే మేలు. ఎండాక గుడ్డ వెనక నీళ్లు చిలకరిస్తే విరక్కుండా ఊడొస్తాయి.