పొట్ట కొవ్వా, తొడల కొవ్వా: విటమిన్ డి విషయంలో ఏది మేలు?

విటమిన్ డి ఎండ నుంచి వచ్చినా, మాత్ర నుంచి వచ్చినా కొంత ఒంట్లోని కొవ్వులో చేరి అక్కడే ఉండిపోతుంది. 2000లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో లావుగా ఉన్నవాళ్ల మీదా, లేనివాళ్ల మీదా ఒకే మోతాదులో అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేశారు. లావుగా ఉన్నవాళ్ల రక్తంలో డి3 (ఎండకు చర్మంలో తయారయ్యే విటమిన్ డి) పెరుగుదల 57 శాతం తక్కువగా వచ్చింది. వాళ్ల చర్మంలో ముడిసరుకుకు లోటేమీ లేదు. తయారైన విటమినే రక్తంలోకి సరిగా రాలేదు.

విటమిన్ డిని పొట్ట కొవ్వూ, తొడల కొవ్వూ రెండూ దాచుకుంటాయి. ఎక్కువగా చర్మం కిందే ఉండే తొడల కొవ్వు మాత్రం నెమ్మదైనది, పట్టుకున్న కొవ్వు ఆమ్లాలను తొందరగా వదలదు. పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు వాటిని త్వరగా వదులుతుంది, ఒంట్లో లోలోపలి వాపు (ఇన్‌ఫ్లమేషన్) పెంచే ఐఎల్-6 లాంటి రసాయనాలనూ ఎక్కువగా విడుదల చేస్తుంది. అవి పేగుల నుంచి రక్తం తీసుకెళ్లే పోర్టల్ సిర గుండా నేరుగా లివర్‌కి వెళ్తాయి. మనం ల్యాబ్‌లో కొలిపించుకునే 25-హైడ్రాక్సీ రూపంలోకి విటమిన్ డిని ప్రధానంగా మార్చేది ఆ లివరే! అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనంలో సీటీ స్కాన్‌తో కొలిచినప్పుడు, తక్కువ విటమిన్ డికి చర్మం కింది కొవ్వుతో కన్నా లోపలి పొట్ట కొవ్వుతోనే గట్టి సంబంధం కనిపించింది. అందుకే నా ఓటు తొడల కొవ్వుకే.

మనవాళ్లకు ఇది మరీ ముఖ్యం. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ తమ ఒంటి లెక్కలే పక్కపక్కన పెట్టారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 22.3. కొవ్వు మాత్రం యాజ్ఞిక్‌కి 21.2 శాతం, యుడ్కిన్‌కి 9.1. అందుకే "నేను సన్నగానే ఉన్నా కదా" అనుకోకుండా నడుము చుట్టుకొలత చూసుకోండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే పొట్ట ఉన్నట్టే.

మరి డి వేసుకుంటే పొట్ట తగ్గుతుందా? తగ్గదు. డెన్మార్క్‌లో డి లోపం ఉన్న స్థూలకాయులకు రోజుకు 7,000 యూనిట్ల చొప్పున 26 వారాలు ఇచ్చి చూశారు. లోపలి కొవ్వూ తగ్గలేదు, వాపు సూచికలూ తగ్గలేదు. బరువు తగ్గినవాళ్లలో మాత్రం రక్తంలో డి కొంత పెరుగుతుంది.

లావుగా ఉన్నవాళ్లకు 2 నుంచి 3 రెట్లు ఎక్కువ డోసు కావాలని హార్మోన్ల నిపుణుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2011లో చెప్పింది. అలాగని వారానికొకటి వేసుకునే 60,000 యూనిట్ల సాచెట్‌ని సొంతంగా నెలల తరబడి పొడిగించొద్దు. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతినొచ్చు. డాక్టర్ రాసిన కోర్సు అయ్యాక మళ్లీ టెస్ట్ చేయించుకుని, తర్వాతి డోసు వాళ్లనే అడగండి.