స్విట్జర్లాండ్ మంచుచరియల బులెటిన్: రంగుల పటంతో ఆగిపోకూడని సేవ

స్కీ కేంద్రాల హద్దులు దాటి, ఆల్ప్స్‌లోని నిర్జన వాలుల మీదికి శీతాకాలంలో వెళ్లాలనుకునేవారికి, దావోస్‌లోని మంచు, మంచుచరియల పరిశోధన సంస్థ ఎస్‌ఎల్‌ఎఫ్ వెలువరించే బులెటిన్‌కు సాటివచ్చే సమాచార సేవ అరుదని నా అభిప్రాయం. శీతాకాలంలో ప్రతి సాయంత్రం 5 గంటలకు ఒకసారి, మర్నాడు ఉదయం 8 గంటలకు మరోసారి ఉచితంగా ఇచ్చే ఈ సమాచారం జర్మన్, ఫ్రెంచ్, ఇటాలియన్, ఇంగ్లిష్ భాషల్లో, వెబ్‌సైట్‌లోనూ వైట్ రిస్క్ యాప్‌లోనూ దొరుకుతుంది.

తెరవగానే 5 స్థాయుల ప్రమాదాన్ని చూపే రంగుల పటం కనిపిస్తుంది. చాలామంది దానిని చూసి యాప్ మూసేస్తారు. నిజానికి ఈ సేవ విలువంతా ఆ పటం తరువాత వచ్చే వివరణలోనే ఉంది. ఏ ఎత్తుకు పైన, ఏ దిక్కుకు తిరిగిన వాలుల మీద ప్రమాదం ఎక్కువగా ఉందో, దానికి కారణం కొత్తగా పడిన మంచో, గాలి తెచ్చి పేర్చిన మంచో, పాత మంచులో దాగిన బలహీనమైన పొరో, తడిసిన మంచో, నేల మీదుగా జారుతున్న మంచో అందులో విడమరిచి చెబుతారు. గాలి పేర్చిన మంచును శిఖరపు అంచుల్లోనూ గుంటల్లోనూ అనుభవమున్న కన్ను చాలావరకు పసిగట్టగలదు. పాత పొర అలా కాదు. పైకి ఏ గుర్తూ కనిపించకుండా వారాల తరబడి ఉండి, ఒక్క మనిషి బరువుకే విరిగి, దాని మీదున్న మంచు పలకనంతటినీ కదిలించవచ్చు. వివరణలో ఈ పొర ప్రస్తావన ఉన్న రోజున 30 డిగ్రీలకన్నా ఏటవాలుగా ఉన్న చోట్లనూ, వాటి దిగువనున్న ప్రదేశాలనూ వదిలి దారి ఎంచుకోవడమే సరైన నిర్ణయం.

3వ స్థాయిని మధ్యలో ఉన్న అంకెగా చూసి తేలికగా తీసుకోవడం ప్రాణాంతకం. ఎస్‌ఎల్‌ఎఫ్ లెక్కల ప్రకారం శీతాకాలంలో సుమారు 30 శాతం రోజులకే ఆ స్థాయి ఉన్నా, మరణాల్లో దాదాపు సగం ఆ రోజుల్లోనే జరుగుతున్నాయి. 2022 డిసెంబరు నుంచి ఒకే స్థాయిలోని హెచ్చుతగ్గులను ప్లస్, మైనస్ గుర్తులతో చూపడం అందుకే నాకు మెచ్చుకోదగిన మార్పుగా తోచింది.

పరిమితులూ ఉన్నాయి. బులెటిన్ ఒక ప్రాంతం గురించి మాట్లాడుతుందే తప్ప మీ ముందున్న వాలు గురించి కాదు. కాళ్ల కింద మంచు గుభీమని కుంగినా, స్కీల ముందు పగుళ్లు పాకినా, పక్క వాలు మీద చరియలు తాజాగా జారి ఉన్నా, బులెటిన్‌లో ఏమున్నా వెనుదిరగాలి. శిక్షణ తీసుకోనివారికి వివరణలోని కొన్ని పదాలు కష్టంగానే ఉంటాయి. మంచులో కూరుకుపోయినవారి జాడను రేడియో సంకేతంతో పట్టిచ్చే ట్రాన్స్‌సీవర్, వారున్న చోటును మంచులో గుచ్చి తెలుసుకునే ప్రోబ్ కడ్డీ, తవ్వి తీయడానికి పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలన్న నియమాన్ని కూడా ఇది సడలించదు.

వసంతంలో పొడిమంచుకూ తడిమంచుకూ ప్రమాదాన్ని వేరువేరుగా చెప్పే తీరు నాకు బాగా నచ్చింది. ఎండెక్కేసరికి తూర్పు వాలుల నుంచి ఎందుకు దిగిపోవాలో దాన్ని చదివినవారికి ముందు రాత్రే అర్థమవుతుంది.